పెళ్లయిన బ్యాటరీలు

ఆ ఏడాది దీపాల సీజను మొదలయ్యేసరికి మా నాన్న ఎడమకాలు ఆయన మాట వినడం మానేసింది. ట్రాము స్టాపు నుంచి మా కొట్టు దాకా నాలుగంగల నడక. ఆ కాస్త దూరంలోనే పిక్క పట్టేసేది. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, సముద్రం వైపు చూస్తూ నిలబడేవాడు. ఇంగ్లండు ఒడ్డున మా ఫ్లీట్‌వుడ్‌లో పుట్టి అరవై దాటిన మనిషి ఎవరూ సముద్రం చూడటానికి ఆగరు. ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు, కానీ ఆయన పరువు కోసం ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఆగస్టు చివర్లో పక్క ఊరు బ్లాక్‌పూల్ ఒడ్డున దీపాలు వెలిగించారంటే నవంబరు వచ్చేదాకా ఆర్పరు. వాటిని చూడవచ్చిన జనం ట్రామెక్కి చివరి స్టాపు దాకా వచ్చి దిగుతారు. దిగగానే ఆకలంటారు. ఎదురుగా మా చేపల కొట్టు. నాన్న ఆర్నల్డ్ చేపలు వేయిస్తాడు. అమ్మ మావిస్ గల్లాపెట్టె దగ్గర నిలబడి చిప్స్ పొట్లాలు కట్టి, వెనిగర్ చల్లి, వచ్చినవాళ్లకి నాలుగు చురకలు వేసి పంపిస్తుంది. ఆవిడ చేత మాట పడటానికే పక్క ఊరి నుంచి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. అమ్మా నాన్నలకి నేనొక్కదాన్నే కూతుర్ని, జనీన్‌ని. నాకు చేపల కంపు పడక మార్కెట్లో వేప్ స్టాల్ పెట్టుకున్నాను. సిగరెట్టు మానాలనుకునేవాళ్లకి పొగ బదులు ఆవిరి పీల్చే డబ్బాలు, వాటిలో పోసే రసాలు, వాటిని నడిపే బ్యాటరీలు అమ్ముతాను. నేను కూడా అలా మానినదాన్నే.

సెప్టెంబరు మొదట్లో నాన్నను ఆస్పత్రికి తీసుకెళ్లాను. సర్జను నాకంటే చిన్నది. కాలిలో రక్తం పారే గొట్టం పాత కెటిల్లా గార పట్టి మూసుకుపోయిందని, సీజను అయ్యాక కొత్త దారి వేస్తామని చెప్పింది. అయితే అప్పటికి సిగరెట్టు పూర్తిగా మానేసి ఉండాలట. మానకపోతే కొత్త దారి కూడా మూసుకుపోతుంది, ఆ తర్వాత చేయడానికి మిగిలేది కాలు తీసేయడమే అంది. గొంతు పెంచలేదు, బెదిరించలేదు, ట్రాము వేళలు చెప్పినట్టు చెప్పింది. నాన్న కాసేపు తన బూట్ల వైపు చూసి, చేపలు తినడం మానక్కర్లేదు కదా అని అడిగాడు. అక్కర్లేదంది. అదే పదివేలన్నాడు.

నాకు మాత్రం అది అంత తేలిగ్గా కనిపించలేదు. ఎందుకంటే మా ఇంట్లో పొగ తాగేది ఆయనొక్కడే కాదు. మధ్యాహ్నం తాకిడి తగ్గి, సాయంత్రం తాకిడి మొదలయ్యేలోపు అమ్మా నాన్నా కొట్టు వెనక తలుపు దగ్గర చెత్తడబ్బాల పక్కన నిలబడి చెరో సిగరెట్టు వెలిగిస్తారు. నేను పుట్టకముందు నుంచీ అంతే. రోజంతా ఒకరికొకరు వీపులు చూపించుకుంటూ పనిచేసేవాళ్లకి మొహాలు చూసుకునే సమయం అదొక్కటే. ఇంటి సంగతులు, అప్పుడప్పుడూ పోట్లాటలు, అన్నీ అక్కడే తేలేవి.

డాక్టరు మాట చెప్పగానే అమ్మ, ఆయన మానేస్తాడు, అంది. మరి నువ్వో అన్నాను. "నా కాళ్లకేమైందే? గుర్రంలా ఉన్నాయి. ఆయన గొట్టాలు మూసుకుపోతే నా నోటికి తాళమా?" అంది. ఆ జవాబు వెనక ఒక కథ ఉంది. వెనకటికి అమ్మ, ఈస్టరుకి ముందు నలభై రోజులు ఇష్టమైనదేదో వదులుకునే ఒక లెంట్‌కి సిగరెట్టు వదిలేస్తున్నానని చర్చి మెట్ల మీద నిలబడి అందరికీ చెప్పి, ఈస్టరు రాకముందే ట్రాము షెల్టరు వెనక నాన్నకి దొరికిపోయింది. ఆ సంగతి ఎత్తి నాన్న ఏడిపించని పండగ లేదు. అమ్మ ఆ తర్వాత ఏదీ వదిలేస్తానని ఎవరికీ చెప్పలేదు.

నాన్నని మా స్టాల్‌కి రమ్మన్నాను. ఎత్తయిన స్టూలు మీద కూచోబెట్టి, రెండు బ్యాటరీలు పట్టే గట్టి డబ్బా ఒకటి చేతిలో పెట్టాను. ఆయన ఎన్నో ఏళ్లుగా పొగాకు చుట్టుకుని గట్టిగా లాగే మనిషి. పెన్నులాంటి సన్నవాటితో ఆయన దాహం తీరదు. పైగా పొద్దున కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా అది చేతిలో బతికుండాలి. మధ్యలో అది చచ్చిందా, పక్కనే పేపర్ల కొట్టులో సిగరెట్లు అమ్ముతారు. నా దగ్గరికొచ్చి మళ్లీ పొగలో పడ్డవాళ్లలో సగం మంది బ్యాటరీ అయిపోయి పడ్డవాళ్లే.

అందుకే ఆ రోజు డబ్బా గురించి కాకుండా బ్యాటరీల గురించే ఎక్కువసేపు చెప్పాను. అన్నీ వేలెడంతే ఉంటాయి, పైన తొడుగు రంగు తప్ప చూడటానికి ఒకేలా ఉంటాయి. కానీ ఒకదానిలో కరెంటు సరుకు ఎక్కువ పడుతుంది, ఇంకోటి గట్టిగా తోస్తుంది. రెండూ ఒకదాన్లోనే కావాలంటే కుదరదు. సరుకు మరీ ఎక్కువున్నది గట్టిగా లాగితే వేడెక్కుతుంది. గట్టిగా తోసేది తొందరగా ఖాళీ అవుతుంది. నాన్న గడ్డం గీరుకుని, "అంటే పెనంలో నూనె ఎంతుందన్నది వేరు, కింద మంట ఎంతన్నది వేరు. నూనె నిండుగా పోసి మంట తగ్గిస్తే చేప నూనె తాగుతుంది. అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను. నేను అరగంట చెప్పేది ఆయన ఒక్క చేపతో తేల్చేశాడు.

మధ్యరకం చూసి రెండు జతలు తీశాను. ఒక జత డబ్బాలో ఉంటే ఇంకో జత ఛార్జరు మీద ఉంటుంది. తొడుగు ఎక్కడైనా చిరిగితే వాడొద్దన్నాను. ఆయన ఏప్రాను జేబు నిండా చిల్లరే కనక, బ్యాటరీలు ఆ జేబులో వేస్తే నిప్పు రాజుకుంటుందని చెప్పి ప్లాస్టిక్ పెట్టె ఇచ్చాను. పూర్తిగా అడుగంటేదాకా లాగొద్దని, అలా జాగ్రత్తగా వాడుకుంటే ఏడాది పైన వస్తాయని, ఆ తర్వాత సత్తువ తగ్గుతుందని చెప్పాను. చివరికి అసలు సంగతికొచ్చాను.

"ఇవి పెళ్లయిన బ్యాటరీలు నాన్నా."

ఆయన స్టూలు మీద సర్దుకుని కూచున్నాడు. నేను వేళాకోళం ఆడటం లేదు. మా వ్యాపారంలో అందరూ అనే మాటే అది. రెండు బ్యాటరీల డబ్బాలో వాడే జతని కొన్ననాడే పెళ్లి చేసేస్తాం. కలిసే వాడాలి, కలిసే ఛార్జ్ చేయాలి, చోట్లు మార్చుకుంటూ పెట్టాలి. ఒకటి ముసలిదై ఇంకోటి పడుచుదైతే, ముసలిది ముందే చేతులెత్తేస్తుంది, దాన్ని లాక్కుంటూ డబ్బా వేడెక్కుతుంది. అందుకని ఒకటి పాడైతే రెండూ తీసేయాలి. కలగాపులగం కాకుండా ఒక జతకి ఎర్రటి గోళ్లరంగు చుక్క, ఇంకో జతకి నీలం చుక్క పెట్టాను. అది నా గోళ్లకి వేసుకునే రంగే.

ఇంటికెళ్లాక నాన్న అదంతా అమ్మకి వర్ణించి వర్ణించి చెప్పాడు. అమ్మ విని, "బ్యాటరీలకి పెళ్లిళ్లు చేసే కూతుర్ని కన్నాను, తనకి మాత్రం చేసుకోదు," అందట. డబ్బాని మాత్రం ఆ రోజు నుంచి 'నీ కెటిల్' అనేది.

మొదటి వారాలు మేం అనుకున్నదానికంటే బాగా నడిచాయి. నాన్నకి తిక్క ఎక్కింది నిజమే. పిండిలో ఉప్పు రెండుసార్లు వేశాడు, ఒక పెద్దాయన మీద నిమ్మకాయ ముక్క విసిరాడు. కానీ పొగాకు పొట్లం ముట్టలేదు. ఆయన స్నేహితుడు డెస్, కొట్టులో బంగాళాదుంపలు చెక్కుతాడు, నాన్న ముచ్చట చూసి తనూ ఒక డబ్బా కొనుక్కున్నాడు. బ్యాటరీలు మాత్రం నా దగ్గర కొనలేదు. ఆదివారం సంతలో ఎవడో సంచీలో పోసి అమ్ముతుంటే గుప్పెడు తెచ్చి నాన్న ముందు పోశాడట. సరుకు ఎంత పడుతుందో వాటి మీద రాసిన అంకె నావాటి మీది అంకెకి మూడింతలుంది. నీ కూతురు నిన్ను దోచుకుంటోంది ఆర్నల్డ్ అన్నాడట.

నాన్న ఆయన్ని స్టాల్‌కి లాక్కొచ్చాడు. ఆ సైజులో అంత సరుకు పట్టే బ్యాటరీ ఇంకా ఎవరూ చేయలేదని చెప్పాను. డెస్ నమ్మలేదు. పక్కన మిఠాయిల స్టాల్లో పాత ఇత్తడి తక్కెడ ఉంది. దాని మీద ఒక పళ్లెంలో నా బ్యాటరీ, ఇంకో పళ్లెంలో ఆయనది పెట్టాను. నాది దిగింది, ఆయనది గాల్లోకి లేచి అలాగే ఉండిపోయింది. డెస్ తక్కెడ చుట్టూ తిరిగి చూసి, "లోపల ఏముందంటావు?" అన్నాడు. చూడాలని లేదన్నాను. నాన్న ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. డెస్ మళ్లీ మాట్లాడకుండా నా దగ్గరే కొన్నాడు.

అక్టోబరు సగం గడిచాక సంగతి తిరగబడింది. బళ్లకి సెలవులిచ్చారు, ట్రాములు కిక్కిరిసి వస్తున్నాయి. ఒక సాయంత్రం నేను స్టాల్ మూసి కొట్టుకి వెళ్తే, నాన్న వెనక తలుపు దగ్గర గోడకి ఆనుకుని సిగరెట్టు కాలుస్తూ కనిపించాడు. నన్ను చూసి దాచలేదు. డబ్బా మధ్యాహ్నానికే చచ్చిపోయిందని, రెండో జత పైన ఇంట్లో ఛార్జరు మీదుంటే ఈ కాలితో మెట్లెక్కలేకపోయానని అన్నాడు. పోనీలే, ఒకసారికి అనుకున్నాను. మర్నాడు డబ్బా బాగానే నడిచింది. ఆ మర్నాడు మళ్లీ అదే. నీలం జత పెట్టిన రోజు సాయంత్రం దాకా బతికేది, ఎర్రజత పెట్టిన రోజు చచ్చిపోయేది. ఇంకా రెండు నెలలు కూడా వాడని బ్యాటరీలవి. వాటికంత తొందరగా వార్ధక్యం రాదు.

నాకు కోపం వచ్చింది. బ్యాటరీ కాదు, మనిషే సాకు వెతుక్కుంటున్నాడని అనిపించింది. పొద్దున ఛార్జరు మీంచి తీయకుండా వదిలేస్తున్నావా, ఖాళీవే మళ్లీ పెట్టుకుంటున్నావా అని జనం ముందే అడిగాను. కొట్టులో వరస తలుపు దాటి ఉంది. అందరూ చిప్స్‌తో పాటు ఇచ్చే బఠానీ ముద్ద మీద ఎక్కడలేని శ్రద్ధ చూపిస్తూ నిలబడ్డారు.

"డబ్బా చచ్చిపోయింది తల్లీ. నేను చంపలేదు," అన్నాడు నాన్న.

"మరి పేపర్ల కొట్టుకి నిన్నెవరు మోసుకెళ్లారు? నవంబరు ఎంతో దూరం లేదు. ఆ డాక్టరు చెప్పింది విన్నావు కదా. నీకు కాలు కావాలా, సిగరెట్టు కావాలా?"

 ఆయన ఒక చేపని పిండిలో ముంచి, తోకపట్టి నెమ్మదిగా నూనెలోకి వదిలాడు. అమ్మ నా వైపు చూడకుండా, తర్వాత ఎవరు, అని వరసలోకి అరిచింది. మామూలుగా అయితే అలాంటి సమయంలో అమ్మ నాతో కలిసి ఆయన్ని రెండు తిట్టేది. ఆ రోజు ఒక్క మాట అనలేదు. అది నాకు వింతగా అనిపించింది, కానీ కోపంలో ఉన్నాను కనక దాని గురించి ఆలోచించలేదు.

ఎర్రజతని డబ్బాతో సహా లాక్కుని వెళ్లిపోయాను. మర్నాడు పొద్దున స్టాల్లో పరీక్ష పెట్టే పరికరానికి రెండూ తగిలించాను. ఒకటి కొత్తదానిలాగే ఉంది. రెండోది పూర్తిగా నీరసించిపోయింది. ఏళ్ల తరబడి ఎవరో పిండుకుని పారేసిన బ్యాటరీ అది. ఛార్జరు మీద త్వరగా నిండినట్టు పచ్చలైటు చూపించి, పని మొదలెట్టగానే కూలబడే రకం. తొడుగు రంగు అదే, కంపెనీ అదే. పైన ఎర్రచుక్క కూడా ఉంది.

ఆ చుక్కని వెలుతురులో పెట్టి చూశాను. నేను పెట్టిన రంగు నారింజ కలిసిన ఎరుపు. ఇది ముదురు ఎరుపు, లోపల సన్నటి మెరుపు. అలాంటి రంగు నా దగ్గర లేదు. అది మా అమ్మ పెళ్లిళ్లకీ, బింగో ఆటకీ వెళ్లేటప్పుడు మాత్రమే వేసుకునే రంగు. నా స్టాల్ కింద, పనికిరాని బ్యాటరీలు పడేసే బకెట్ ఒకటుంటుంది. రెండు వారాల కింద నేను పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఒక పూట అమ్మే స్టాల్ చూసుకుంది. ఇంక నాకు అర్థం కానిది ఒక్కటే. ఈ దొంగపెళ్లి ఆవిడ ఎందుకు చేసింది?

స్టాల్ డెస్‌కి అప్పగించి ఇంటికి వెళ్లాను. కొట్టు పైనే మా ఇల్లు. నాన్న కింద పెనాలు వేడిచేస్తున్నాడు. మెట్లెక్కుతుంటే నేను చిన్నప్పుడు పడుకున్న గదిలోంచి గుటగుటమని చిన్న చప్పుడు వినిపించింది. తలుపు తీశాను. అమ్మ కిటికీ తెరిచి, సగం బయటికి వంగి నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"దుమ్ము దులుపుతున్నా."

"నోట్లోంచి ఆవిరొస్తోంది."

అమ్మ నోరు మూసుకుంది. ముక్కులోంచి వచ్చింది. చేతిలో నేను సిగరెట్టు మానిన కొత్తలో వాడి, సొరుగులో పడేసి మర్చిపోయిన డబ్బా ఉంది. దానికి ఒక్క బ్యాటరీ చాలు. అడుగు మూత తిప్పి చూస్తే, నారింజ కలిసిన ఎర్రచుక్కతో నాన్న బ్యాటరీ. రసం ఎక్కువ పోసి, డబ్బాని తలకిందులుగా పట్టుకుని పీలుస్తోంది. అది ఊపిరాడక గుటకలేస్తోంది. గదంతా స్ట్రాబెర్రీ వాసన.

కొనుక్కోవచ్చు కదా అని అడిగాను. నీ దగ్గర కొంటే నీకు తెలుస్తుంది, ఇంకో కొట్టులో కొంటే వాడు మధ్యాహ్నంలోపు నీకు చెప్తాడు అంది. అది నిజమే. బకెట్లో చూడటానికి అచ్చం అలాంటిదే దొరికిందట. మంచిది తను తీసుకుని పాతది ఆయనకెందుకు పెట్టావంటే, అమ్మ ఆశ్చర్యపోయింది. ఆయనకి రెండున్నాయి కదా, ఒకటి కాస్త నీరసంగా ఉన్నా రెండోది మోస్తుంది అనుకుందట. బ్యాటరీల పెళ్లి గురించి నాన్న చెప్పినంతా ఒక చెవిన విని వదిలేసిందన్నమాట.

తర్వాత మంచం అంచున కూచుంది. డబ్బాని ఒళ్లో పెట్టుకుని, నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది.

"వెనక తలుపు దగ్గర నేను వెలిగించుకుని నిలబడితే, మీ నాన్న నన్ను దాటుకుని చెత్తడబ్బా దాకా వెళ్లి వచ్చేవాడు. పక్కకి వచ్చి నిలబడాలని ఉన్నా నిలబడేవాడు కాదు. ఆ మొహం నేను చూడలేకపోయానే. అందుకని మొదలెట్టా. ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ లెంటు సంగతి ఎత్తుతారు. ఈసారి ఓడిపోతే నాకొక్కదానికే తెలిసి ఊరుకోవాలి అనుకున్నా."

"ఎన్నాళ్ల నుంచి కాల్చట్లేదు?"

"నువ్వు పన్ను పీకించుకున్న రోజు నుంచి."

 సిగరెట్టు లేకుండా మా అమ్మని అంతకుముందు ఊహించుకోలేదు. సంతోషమేసింది. కానీ జేబులో ఆ పాత బ్యాటరీ ఉంది. తీసి ఆవిడ అరచేతిలో పెట్టి, ఇది ఉన్న రోజున నాన్న డబ్బా మధ్యాహ్నానికే చచ్చిపోతోందని చెప్పాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, తను పెట్టిన చుక్కని బొటనవేలితో రుద్దింది.

"అంటే, ఆయన మళ్లీ కాల్చింది నా వల్లా?"

"బ్యాటరీ వల్ల," అన్నాను.

 అమ్మ లేచి, జుట్టు సవరించుకుని, తనే కిందికి దిగింది. నేను వెనకాలే వెళ్లాను. నాన్న పెనం ముందు నిలబడి మొదటి చిప్స్ వేస్తున్నాడు. అమ్మ ఆయన పక్కన ఆ రెండు బ్యాటరీలూ బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. చర్చి మెట్ల మీద చెప్పినప్పటి గొంతు కాదది. చివర్లో, "ఇంక లెంటు గురించి అనాలనుకుంటే ఇప్పుడే అనేయవయ్యా," అంది.

నాన్న జాలీతో చిప్స్ కలుపుతూ ఉండిపోయాడు. ఆ తర్వాత మంట తగ్గించాడు.

"నాకు తెలుసు. నీ దిండుకి స్ట్రాబెర్రీ వాసనొస్తోంది. నేను ఏడిపిస్తే మానేస్తావేమోనని నోరు మూసుకున్నా. అంత కష్టం ఎప్పుడూ పడలేదు మావిస్. సిగరెట్టు వదలడం దానికంటే నయం," అన్నాడు.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చిప్స్ మాడుతున్నాయి చూసుకో, అంది. నేను నాన్న దగ్గరికెళ్లి, నిన్నటి మాటలు అనవలసింది కాదన్నాను. ఆయన నా నెత్తిన పిండి చెయ్యి వేసి, నీ కోపం నా కాలు మీద ప్రేమే కదా తల్లీ, అన్నాడు. ఆ పిండి మరకతోనే ఆ రోజంతా స్టాల్లో కూచున్నాను.

ఆ సాయంత్రమే ఎర్రచుక్కలున్న మూడింటినీ బకెట్లో వేశాను. మంచిగా ఉన్నవాటిని కూడా వేస్తుంటే అమ్మకి ప్రాణం పోయింది. ఇంకా వాటి జీవితం ఎంతో ఉందని వాదించింది. విడిపోయి చెరోచోట వాడిన జత మళ్లీ కుదరదని చెప్పి కొత్త జత తీశాను. అమ్మకి వేరే చిన్న డబ్బా, తనవే అయిన రెండు బ్యాటరీలు ఇచ్చి, రసం ఎంత పోయాలో, ఎటువైపు పట్టుకోవాలో చూపించాను. కౌంటరు వెనక నిలబడి కొనేవాళ్లకి చెప్పే మాటలు మా అమ్మకి చెబుతుంటే నాకే నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం బడిపిల్లలా శ్రద్ధగా వింది. వెళ్లేటప్పుడు నాన్న కొత్తజతకి చుక్కలు తనే పెట్టింది, ఆ ముదురు ఎరుపుతో. ఈసారి రెండింటికీ పెట్టింది.

దీపాల ఆఖరి వారాల్లో వెనక తలుపు దగ్గర మళ్లీ ఇద్దరూ కనిపించారు. చెరో డబ్బా పట్టుకుని నిలబడితే రెండు ఆవిరిమబ్బులు కలిసి చెత్తడబ్బాల మీదుగా వెళ్లిపోయేవి. డెస్ చూసి, మీ కొట్టు తగలబడుతోందనుకున్నా అనేవాడు. అంతా నల్లేరు మీద నడక కాలేదు. వాన కురిసి ట్రాములు ఆగిపోయిన రోజు ఒకటి, చేపల లారీ రాని రోజు ఒకటి, నాన్న చెయ్యి ఖాళీ జేబులో పొగాకు వెతకడం నేనే చూశాను. అమ్మ అది చూసి, మాట్లాడకుండా ఆయన డబ్బా తీసి చేతిలో పెట్టేది. అది నిండుగా ఉండేది. రోజూ పొద్దున్నే ఛార్జరు మీంచి తీసి ఇచ్చేది ఆవిడే.

నవంబరు మొదట్లో దీపాలు ఆర్పేశాక, పొగ మానే క్లినిక్‌లో నాన్న చేత చిన్న యంత్రంలోకి ఊదించారు. ఊపిరిలో పొగ జాడ ఉంటే ఎర్రలైటు, లేకపోతే పచ్చలైటు. ఊదడానికి ముందు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నా పెళ్లికి పట్టుకోవాల్సిన చెయ్యి, యంత్రం దగ్గర పట్టుకున్నాడు. పచ్చలైటే వచ్చింది. ఇంకోసారి ఊదుతానన్నాడు, నమ్మకం కలగక. మళ్లీ పచ్చగానే వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆస్పత్రి నుంచి ఫోను చేసి ఆపరేషను రోజు చెప్పారు.

ఆపరేషను రోజు పొద్దున ముగ్గురం వెళ్లాం. నాన్నకి వెనక ముడులేసే గౌను తొడిగారు. ఆయన ప్యాంటు, బెల్టు మడిచి అమ్మ ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూచుంది. నర్సు వచ్చి ఎడమ పాదం వేళ్లు ఒక్కొక్కటి నొక్కి, తెలుస్తోందా అని అడిగింది. ఒక వేలికి తెలుస్తోందన్నాడు, మిగతావాటికి లేదన్నాడు. ఆ తర్వాత మామూలు ప్రశ్నలు. పేరు, పుట్టిన రోజు, పడని మందులు.

"పొగ తాగుతారా?"

"తాగను," అన్నాడు నాన్న.

"నేనూ తాగను," అంది అమ్మ.

ఆవిడని ఎవరూ అడగలేదు. నర్సు తలెత్తి, కుర్చీలో బెల్టు పట్టుకుని నిటారుగా కూచున్న మనిషిని చూసి, చాలా మంచిపని చేశారమ్మా, అంది. అమ్మ మొహం ఎర్రబడింది. ఊరందరి ముందు తలెత్తుకుని చెప్పలేకపోయిన మాట, ముక్కూమొహం తెలియని నర్సుకి చెప్పేసింది.

తర్వాత మాకు ఎదురుచూడటమే పని అయింది. అమ్మ రెండుసార్లు బయటికి వెళ్లింది, రెండుసార్లూ ఆవిరి వాసనతోనే తిరిగొచ్చింది. మధ్యాహ్నం దాటాక సర్జను వచ్చి, కొత్త దారిలో రక్తం బాగా పారుతోందని, కాలు నిలిచిందని, అదే ట్రాము వేళల గొంతుతో చెప్పింది. నేను ఏడ్చాను. అమ్మ సర్జనుకి చేపలు పంపిస్తానంది.

మమ్మల్ని లోపలికి పంపినప్పుడు నాన్న ఇంకా మత్తులోనే ఉన్నాడు. అమ్మ ఆయన తల దగ్గరికి కాకుండా తిన్నగా కాళ్ల దగ్గరికి వెళ్లింది. దుప్పటి కొస ఎత్తి, ఎడమ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"నీ చేతులు చల్లగా ఉన్నాయి మావిస్," అన్నాడు నాన్న, కళ్లు తెరవకుండా.

అమ్మ ఇంకా గట్టిగా పట్టుకుంది.